తొట్టిలో బుర్ర, బుర్రలో గింజలు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న గుహ అద్దెకిచ్చేవారు. కాపురానికి కాదు, సామాను దాచుకోవడానికి. వానాకాలం ముందు జంతువులన్నీ తలా ఒక మూల తీసుకుని తమ సరంజామా అంతా తెచ్చి పడేసేవి. ఆ గుహకు మేనేజరు నక్క.

ఆ ఏడు గుహ కిక్కిరిసిపోయింది. ఎలుగుబంటి తన కొయ్య తొట్టిని నడిమధ్యన పెట్టింది. తేనె ఎప్పుడో అయిపోయింది గానీ తొట్టి మీద మమకారం పోలేదు. కోతి ఎక్కడినుంచో ఓ పెద్ద ఎండు సొరబుర్ర తెచ్చింది. ఎందుకని అడిగితే, "ఎప్పుడో ఒకప్పుడు పనికి రాకపోతుందా?" అంది. మన ఇళ్ళ అటకల మీద సామానంతా ఈ ఒక్క మాట మీదే బతుకుతోంది కదా!

ఉడుత మాత్రం గింజల మూట తెచ్చుకుంది. నలుగురు పిల్లల తల్లి. వానలు తగ్గేదాకా ఆ మూటే వాళ్ళకు దిక్కు.

ఇంతలో సింహం తనిఖీకి వస్తోందని కబురొచ్చింది. గుహలో కాలు పెట్టే చోటు లేదని పోయినసారి నక్క చీవాట్లు తింది. అందుకని హడావుడిగా మీటింగు పెట్టింది.

"అమ్మలారా, అయ్యలారా! ఈ తొట్టిలో ఏముంది? గాలి. ఈ బుర్రలో ఏముంది? గాలే. గాలికి మనం అద్దె కట్టడమేమిటి? ఒకదాంట్లో ఒకటి పెట్టేద్దాం!"

"భలే అన్నావు బావా!" అని కోతి చప్పట్లు కొట్టింది. ఏ మీటింగులోనైనా మొదటి చప్పట్లు దానివే.

ఉడుత మూటను బుర్రలో పెట్టి కోతి బిరడా బిగించింది. బుర్రను తొట్టిలో పెట్టి ఎలుగుబంటి మూత వేసి తీగలతో కట్టేసింది. మిగతావాళ్ళ సామాను కూడా ఇలాగే ఒకదాంట్లో ఒకటి దూరిపోయింది. గుహలో ఒక గట్టి నియమం ఉంది. ఎవరి మూత వాళ్ళే తియ్యాలి. దొంగతనాలు జరగకుండా పెట్టిన మంచి నియమమే.

"నక్కగారూ, మరి నాకు గింజలు కావాల్సొస్తే?" అంది ఉడుత.

"ఎలుగుబంటిగారు తొట్టి మూత తీస్తారు, కోతిగారు బిరడా తీస్తారు, మీరు మూట తీసుకుంటారు. ఇందులో కష్టమేముందమ్మా?"

నిజమే, కష్టమేమీ కనబడలేదు.

సింహం వచ్చింది. ఖాళీ నేల మీద అటూ ఇటూ పచార్లు చేసి మురిసిపోయింది. "ఇది ఆదర్శ గుహ!" అని నక్క మెడలో అడవిమల్లెల దండ వేసింది. ఆ ఖాళీని చూసిపోవడానికి పక్క అడవులనుంచి కూడా జంతువులొచ్చాయి.

ఎలుగుబంటి మాత్రం మర్నాడే కొండవతల అత్తారింటికి వెళ్ళిపోయింది. వానలు తగ్గాక వస్తానంది.

వానలు ముసురు పట్టాయి. ఉడుత గూట్లో ఉన్న కాస్తా అయిపోయింది. తడుస్తూనే గుహకు పరిగెత్తింది.

"నా మూట ఇప్పించండి బాబూ. పిల్లలు పస్తులున్నారు."

"అయ్యో, తప్పకుండా. ఎలుగుబంటిగారిని పిలుచుకురండి."

"ఆయన అత్తారింట్లో ఉన్నారు కదండీ!"

"అయితే ఆయనొచ్చాక రండి."

"అందాకా పిల్లలు ఏం తినాలి?"

నక్క నిజంగానే నొచ్చుకుంది. దానికీ పిల్లలున్నాయి. "మీ మూటకేం భయం లేదమ్మా. ఈ అడవిలో అంత భద్రంగా ఉన్న తిండి ఇంకోటి లేదు. కావాలంటే పిల్లల్ని తీసుకురండి, ఇక్కడ బోలెడు ఖాళీ ఉంది, ఆడుకుంటారు," అంది.

కోతి తొట్టి మీదికెక్కి కూర్చుంది. "నా బిరడా తియ్యడానికి నేను ఎప్పుడైనా సిద్ధమే. నావల్ల ఆలస్యమైందని మాత్రం ఎవరూ అనకూడదు," అంది.

ఉడుతకు కడుపు మండిపోయింది. అయినా మూతల జోలికి పోలేదు. తొట్టి వెనక్కి వెళ్ళి పళ్ళకు పని చెప్పింది. ముందు తొట్టికి కన్నం పడింది, తర్వాత బుర్రకు పడింది. గింజలు జలజలా రాలాయి. పిల్లలు బుగ్గలు ఉబ్బేలా తింటుంటే చూసి దానికి ఏడుపొచ్చింది.

వానలు వెలిశాక ఎలుగుబంటి తిరిగొచ్చి, కన్నం చూసి గావుకేకలు పెట్టింది. సింహం పంచాయితీ పెట్టింది.

"నేను ఒక్క మూత కూడా ముట్టుకోలేదు ప్రభూ," అంది ఉడుత.

సింహం నక్క వంక చూసింది.

"ప్రభూ, కన్నం పడ్డ చోట ఇంతకుముందు కొయ్య ఉండేది. ఇప్పుడు అక్కడా ఖాళీయే. మన ఖాళీ ఇంకాస్త పెరిగింది," అంది నక్క.

"అయితే ఉడుత చేసింది నేరమా, సేవా?"

"సేవే ప్రభూ. కాకపోతే అనుమతి లేని సేవ."

అందుకు శిక్షగా ఇకమీదట ఉడుత గుహలో ఏమీ దాచకూడదని తీర్పు వచ్చింది. ఉడుత దండం పెట్టి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు గింజలన్నీ తన చెట్టు తొర్రలోనే కుక్కింది. పిల్లలు వాటి మీదే పడుకున్నాయి, ఆకలేసినప్పుడు కిందికి చెయ్యి పెట్టి తీసుకున్నాయి. అది చూసి మిగతా జంతువులు కూడా ఎవరి తిండీ, సామానూ వాళ్ళు ఇంట్లోనే ఉంచుకున్నాయి.

సింహం తనిఖీకి వచ్చేసరికి గుహలో ఒక్క గింజ కూడా లేదు. అంత ఖాళీ అది జన్మలో చూడలేదు. అక్కడికక్కడే నక్కకు ప్రమోషన్ ఇచ్చి, అడవిలోని గుహలన్నిటినీ దాని చేతికి అప్పగించింది.

నీతి: తిండి భద్రంగా ఉండాలంటే, ఆకలైనవాళ్ళకు అందకుండా ఉండాలి.