డెల్ఫీన్ గ్యారేజీలో పోలింగు

ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులు. ఆ ప్రభువుల ఇళ్లకు టేపు పెట్టి కొలిచే అధికారం మాత్రం నగరపాలక సంఘానిది.

కాలిఫోర్నియాలోని ఆల్డర్‌ఫోర్డ్ నగరపాలక సంఘం డెల్ఫీన్ ఓక్లీ అనే పెద్దావిడ ఇంటిని తీసుకుని, దుకాణాల సముదాయం కట్టే ఒక వ్యాపారికి ఇవ్వాలని తీర్మానించింది. (ఆ వీధిలో ఇళ్లు ఎక్కువయ్యాయనీ, కార్లు నిలిపే చోటు తక్కువైందనీ నిపుణులు తేల్చారు.)

ఇలా ఇళ్లు తీసుకుని వ్యాపారులకు ఇవ్వకూడదంటూ రాష్ట్రమంతటా ఒక ప్రతిపాదన నేరుగా ప్రజల ఓటుకు వచ్చింది. ఆ వీధివాళ్లు ఎన్నో ఏళ్లుగా ఓటు వేసేది డెల్ఫీన్ గ్యారేజీలోనే. ప్రతి ఎన్నికకూ ఆవిడ కారు బయట పెట్టి, నేల కడిగి, ప్రార్థన చేసుకుని, వచ్చినవాళ్ల కోసం నిమ్మకాయ కేకు చేసేది. దేవుడిచ్చిన ఇల్లు నలుగురికీ పనికిరావాలని ఆవిడ నమ్మకం.

పోలింగు రోజు పొద్దున్నే నగరపాలక అధికారి గ్రాంట్ హోలిస్ వచ్చాడు.

"వాకిట్లో ఆ బోర్డు తీసెయ్యాలమ్మా."

బోర్డు మీద 'నా ఇల్లు తీసుకోకండి' అని ఉంది.

"వాకిలి నాదే కదా బాబూ?"

"పోలింగు కేంద్రానికి వంద అడుగుల లోపల అభిప్రాయాలు ఉండకూడదు. మీరూ లోపలే ఉన్నారు. ఇంటి ఊసెత్తకండి."

"వంటింట్లో కూడానా?"

హోలిస్ టేపు పెట్టి చూశాడు. "వంటింట్లో కూడా. కోళ్లగూడు దాటాక మీ ఇష్టం."

పక్కింటి ఎర్ల్ కేకు నములుతూ, "పద డెల్ఫీన్, కోళ్లకి ఓటు లేకపోయినా వినే ఓపికుంది," అన్నాడు.

ప్రతిపాదన గెలిచింది. డెల్ఫీన్ మోకరిల్లి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది. వారం తిరక్కుండా హోలిస్ మళ్లీ వచ్చాడు, టేపుతో సహా.

"ఇక వ్యాపారి కోసం మీ ఇల్లు తీసుకోలేమమ్మా. ప్రజోపయోగానికైతే తీసుకోవచ్చు."

"నా ఇంటితో ప్రజలకేం పని నాయనా?"

"అదేంటమ్మా, అంత మాటనేశారు! ఇన్నేళ్లుగా వీధి వీధంతా ఇక్కడే ఓటేస్తోంది. ఇంతకంటే ప్రజోపయోగమైన ఇల్లు ఊళ్లో ఉందా? దీన్ని శాశ్వత పోలింగు కేంద్రం చేస్తున్నాం."

గ్యారేజీలకు తాళాలు వేసుకున్న ఇళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి. డెల్ఫీన్ వాటి వంక ఒకసారి, ఆకాశం వంక ఒకసారి చూసింది. దేవుణ్ణి తప్పుపట్టడం ఆవిడకు చేతకాదు. అందుకని హోలిస్‌నే అడిగింది.

"పోనీ, వచ్చే ఎన్నికకి నేనూ ఇక్కడే ఓటెయ్యొచ్చా?"

"ఇక్కడ ఓటెయ్యాలంటే ఈ వీధిలో ఇల్లుండాలమ్మా," అన్నాడు హోలిస్, టేపు చుట్టుకుంటూ. "కేకు మాత్రం తేవచ్చు. దానికి ఏ అభ్యంతరమూ లేదు."