బొగ్గు వదలని రంగు

ఆ పొద్దున బనహావ్ కొండ మీద మబ్బు కూర్చుని, కురవాలా వద్దా అని తేల్చుకోలేకపోతోంది. కింద లుక్బాన్‌లో చిన్న ప్రయోగశాల నడిపే బెనిల్డా మాత్రం తేల్చుకునే వచ్చింది. కొబ్బరి చిప్పలు కాల్చి, నూరి, జల్లించిన బొగ్గును సన్నటి ఉక్కు గొట్టంలో తనే కూరింది. ఊదా రంగు ఒక కొసన ఎక్కించి, వెనక పంపుతో నీళ్లు తోలితే రెండో కొసన ముందు ఎరుపు, తరువాత నీలం విడివిడిగా రావాలి. మనీలా నుంచి వచ్చే తనిఖీ అధికారి ఓంగ్కికో అది కళ్లారా చూస్తేనే ప్రయోగశాల ఉంటుంది. లేకపోతే తాళమే.

ఆయన తెల్లటి బారోంగ్ చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. బెనిల్డా ఒక్క చుక్క రంగు ఎక్కించింది. అరగంటైనా తేట నీళ్లే.

"వస్తుందా అమ్మా?"

"వచ్చేస్తోంది సర్, దారిలో ఉంది."

అతిథి ముందు రాలేదని చెప్పడం ఆ ఊళ్లో ఎవరికీ చేతకాదు. అడక్కుండా సాయపడటం మాత్రం అందరికీ వచ్చు. ఆమె కాఫీకి వెళ్లగానే తోటి ఉద్యోగి ఇసగాని, రంగు చాల్లేదేమోనని ఒక సిరంజి నిండా ఎక్కించాడు. అతను అటు తిరగ్గానే డైరెక్టర్ పెలాహియో ఇంకోటి. ఊడ్చే మిలాగ్రోస్ అక్కయితే, పిల్ల కష్టం చూడలేక, పంపుకి నీళ్లందించే గోధుమరంగు సీసాలోనే గ్లాసుడు రంగు ఒంపేసింది. ఓంగ్కికో అన్నీ చూశాడు. అతిథి కనక ఏమీ అనలేదు.

తిరిగొచ్చిన బెనిల్డాకి ఒక్కటే అర్థమైంది: బొగ్గు పట్టు వదలడం లేదు. గుట్టుగా ఆ నీళ్ల సీసా తీసి, పట్టిన రంగును కరిగించి లాగే స్పిరిట్ సీసా పంపుకి తగిలించింది.

కాసేపు తేటగానే ఉంది. ఆ తరువాత బొగ్గు పట్టిన రంగంతా ఒక్కసారి కక్కింది. చివరి పైపు ఊడి అధికారి ఛాతీ మీదికి చిమ్మింది.

"అయ్యో! ఇంత రంగు నేనెక్కించలేదే!"

ముగ్గురూ పైకప్పు చూశారు.

ఓంగ్కికో చొక్కా తడుముకున్నాడు. "వీళ్లంతా అంత పోసినా ఇందాకటిదాకా మంచినీళ్లే వచ్చాయా! మా పేటలో అద్దకం వాళ్లు పాడుచేసిన బావికి ఇదే కావాలి. పెద్దది చెయ్యండి, తాళం మాట మర్చిపోండి."

"కాదు సర్, ఇది నీళ్లు వడకట్టేది కాదు, రంగులు విడ..."

పెలాహియో ఆమె కాలు తొక్కాడు. "వడకట్టేదే సర్! పుట్టిందే అందుకు!"

ఆమె మళ్లీ నోరు తెరిచేలోగా అరిటాకుల్లో పాన్సిత్ సేమ్యాలు వచ్చాయి. చేత్తో తాకకుండా ఆకునే నోటికెత్తుకుని తినాలి. అయిదుగురూ, ఊదా చొక్కాతో సహా, పలుకు లేకుండా తిన్నారు.

నోటికి ఆకు అడ్డం ఉండబట్టి అక్కడ సైన్సు ఇంకో ఏడాది బతికింది.