పిల్లిగారి ముత్తాత పరారీ

శుక్రవారం పొద్దున్నే పిల్లి బొమ్మలు ముగించేసి, మధ్యాహ్నం కాళ్ళు చాపుకుని పడుకుందామని చిత్రకారుడు అనుకున్నాడు. పిల్లల వారపత్రికలో ఆయన గీసే డిటెక్టివ్ పిల్లే ఆ ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతోంది. ఆ వారం కథ బాగానే కుదిరింది గానీ, చివరి బొమ్మలో పిల్లి వెనకాల గోడ బోసిగా మిగిలింది. ఖాళీ జాగా కనిపిస్తే సంపాదకుడికి ఒళ్ళు మండుతుంది. అందుకని గోడకు ఓ పటం తగిలించి, అందులో సైనిక దుస్తుల్లో ఓ ముసలి పిల్లిని కూర్చోబెట్టాడు. కింద 'ముత్తాతగారు. యుద్ధంలో ఎలుకలను చూసి పరారు' అని రాశాడు. ఏళ్ళ తరబడి పిల్లి బుగ్గల మీద మూడేసి మీసాలు లాగిన చెయ్యి, ముత్తాత భుజం మీద కూడా అలవాటుగా మూడు గీతలు లాగేసింది.

పత్రిక వచ్చిన మర్నాడే మాజీ సైనికుల సంఘం అధ్యక్షుడు ఆఫీసులో దిగాడు.

"భుజం మీద మూడు గీతలు మా దళానివి. మా దళంలో పారిపోయినవాడు లేడు," అన్నాడు.

"అది పిల్లండీ," అన్నాడు చిత్రకారుడు.

"పిల్లయితే మాత్రం? మా గీతలు వేసుకున్నాక మావాడే."

సంపాదకుడు చిత్రకారుణ్ణి పక్కకు లాగాడు. "పారిపోలేదు, పైనుంచి హుకుం వస్తే వెనక్కి తగ్గాడని వచ్చేవారం ఓ ముక్క వేసేయవయ్యా. నీ సొమ్మేం పోయింది?"

వేశాడు. అలాంటి హుకుం ఇచ్చిన పిరికి సేనాపతి ఎవడని ఈసారి రిటైరైన పెద్ద అధికారులు విరుచుకుపడ్డారు. సేనాపతి మంచివాడే, కబురు తెచ్చినవాడే తప్పు చెప్పాడని ఆ పై వారం సర్దాడు. తపాలా ఉద్యోగులు ఊరుకుంటారా? వాళ్ళూ మెట్లెక్కారు. తప్పు ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికి మారి మారి, చివరకు అడిగే దిక్కులేని పిల్లి దగ్గరకొచ్చి ఆగింది. మచ్చలేని ముత్తాతను సొంత గోడ మీదే అవమానించినందుకు డిటెక్టివ్ పిల్లిని ఉద్యోగంలోంచి తీసేసి, దాని పేజీ ముత్తాతకు ఇవ్వాలని సంఘం తీర్మానించింది. సంపాదకుడు తలూపాడు.

"ఇన్నాళ్ళూ తిండి పెట్టిన పిల్లిని వీధిలోకి తోసి వచ్చారన్నమాట," అంది భార్య, చొక్కాకి గుండీ కుడుతూ.

"నేనా తోసింది?"

"గీతలు గీసింది నేనా మరి? పోనీ నాలుగు గీయలేకపోయారా?"

"నాలుగు గీస్తే ఇంకో దళం వచ్చేదే."

ముత్తాత పేజీ మొదలైంది. ప్రతి బొమ్మా సంఘం చూసి ముద్ర వేశాకే అచ్చుకు వెళ్ళేది. ముత్తాత కాలు జారకూడదు, తుమ్మకూడదు, తోక ఆడించకూడదు. పాపం, వారం వారం నిటారుగా నిలబడి దిగంతాల్లోకి చూసేవాడు. పిల్లలు మొదట ఆ పేజీ తిప్పేశారు, తర్వాత పత్రికే మానేశారు. ఇంకో నెల ఇలాగే నడిస్తే నీ బల్ల ఎత్తేయక తప్పదని సంపాదకుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

మర్నాడు చిత్రకారుడు కుంచెలు సర్దుకుంటుంటే అధ్యక్షుడు వచ్చాడు. తలుపు తనే దగ్గరగా వేశాడు.

"మా మనవరాలు మీ పత్రిక చదవడం లేదు."

"ఎవరూ చదవడం లేదండీ."

"ముత్తాత ఏం చేస్తాడు తాతయ్యా అనడిగింది. నిలబడతాడమ్మా అన్నాను. ఎంతసేపూ అంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అందుకని, ఒక్కసారి పారిపోనివ్వండి. మరీ దూరం వద్దు."

చిత్రకారుడి చేతిలోని కుంచె చేతిలోనే ఆగిపోయింది. "మరి పిల్లి సంగతి?"

"పిలిపించండి. పారిపోయినవాణ్ణి వెతకడానికి డిటెక్టివ్ ఉండొద్దూ?"

చిత్రకారుడు కుంచెలన్నీ మళ్ళీ బల్ల మీద పరిచాడు. పిల్లి ఆ వారమే ఉద్యోగంలో చేరిపోయింది. ముత్తాత ఏ దిక్కుకు పారిపోవాలన్నది మాత్రం సంఘం ఇంకా తీర్మానించాల్సి ఉంది.