తొట్టెల వెనక కదిలిన గల్లీ

ఆ ఆదివారం ప్రహ్లాద్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. శాలిబండలోని ఆ గల్లీ అంతా బోనాల హడావుడిలో ఉండగా, ఎవరి కంటా పడకుండా మధ్యాహ్నందాకా పడుకోవాలి. ఆ ప్లాన్ మీదున్న దుప్పటిని వాళ్ళమ్మ వాసవాంబ ఒక్క గుంజు గుంజింది.

"లే! రామ్‌చందరన్నకు నీ పేరిచ్చిన."

"ఎందుకమ్మా?"

"ఈసారి ఇంటికొక్క పిలగాడు సేవ చెయ్యాలంట. మనింటికెల్లి నువ్వే. పోయినేడు ఎదురింటి ఆగమ్మ అందరి ముంగట ఏమన్నదో యాదున్నదా?"

ఎందుకుండదు! కింది నుంచి మీది దాకా చూసి, "గీ పిలగాడు ఎవరింట్ల కిరాయికుంటున్నడు?" అని అడిగింది. పుట్టి పెరిగిన గల్లీలో! వాసవాంబకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆగమ్మను అని ఏం లాభం? ఇరవై రెండేళ్ళొచ్చినా గల్లీలో ఎవరినీ పలకరించిన పాపాన పోనివాణ్ని ఎవరు గుర్తుపడతారు? ఈసారైనా ఫలానా ఇంటి పిల్లవాడు అనిపించుకోవాలని ప్రహ్లాద్ కూడా లోలోపల అనుకున్నాడు. అందుకే నోరెత్తకుండా లేచాడు.

యువజన సంఘానికి పెద్ద రామ్‌చందర్. మెడలో విజిల్, చేతిలో మైకు. ప్రహ్లాద్ చేతిలో కొసకు పంగ ఉన్న పొడుగాటి కర్ర పెట్టాడు.

"మన గల్లీల వైర్లు మస్తు కిందికున్నయ్ తమ్మీ. తొట్టెల రాంగనె కర్రతోని వైరు లేపాలె, దాటంగనె దించాలె. గంతే. ఫికర్ చెయ్యకు."

అమ్మవారికిచ్చే తొట్టెల అంటే వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించి మేడంత ఎత్తు కట్టేది. దానికి వైరు తగిలితే గల్లీ పరువే పోతుంది. అందరి ముందూ తడబడకూడదని ప్రహ్లాద్ ముందుగానే ఒక నల్ల కేబుల్ మీద ప్రాక్టీసు మొదలుపెట్టాడు. రెండోసారి లేపేసరికి స్తంభం దగ్గరి కొక్కెం ఊడి, కేబుల్ వచ్చి మెడలో పడింది. ఇంకొకడైతే "అన్నా, ఇట్లయింది" అని ఒక్క కేక వేసేవాడు. మనవాడికి కేక వేయాలన్నా సిగ్గే. తుంపర పడుతోందని పట్టా కప్పి గోడకు ఆనించిన ఏదో సామాను పక్కనే ఉంది. కింద వెదురు గుంజ కనబడింది. పందిరి గుంజ అనుకుని కేబుల్‌ను దానికి కట్టేశాడు. బియ్యం టోకు వ్యాపారుల ఇంట పుట్టినవాడు కదా, బస్తా ముడి వేశాడు. ఆ ముడి అంత తొందరగా ఊడదు.

కాసేపటికి డప్పులు మొదలయ్యాయి. నలుగురొచ్చి పట్టా తీశారు. లోపలున్నది తొట్టెల!

తొట్టెల లేచింది. దాంతోపాటు కేబులూ లేచింది. గల్లీ మొదట్లో ఒక కొక్కెం టప్పుమంది, తర్వాత రెండోది. ఒక్కో ఇంట్లో టీవీ ఆగింది, ఇంటర్నెట్ పోయింది. గుమ్మం ముందు నుంచి బోనాలు పోతుంటే లోపల కూర్చుని టీవీలో బోనాలు చూస్తున్న ఆగమ్మ రిమోట్‌తో సహా బయటికొచ్చింది. ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తున్న పక్కింటి అనూహ్య పైన కోటు, కింద నైట్ ప్యాంటుతో పరుగెత్తుకొచ్చింది. గల్లీకి గల్లీ చేతులు పైకెత్తి "ఆపుండ్రి! ఆపుండ్రి!" అంటూ తొట్టెల వెంట పడింది.

డప్పుల మోతలో ఎవరికేం వినపడుతుంది! రామ్‌చందర్ వెనక్కి తిరిగి చూశాడు. ఏటా పిడికెడు మంది కూడా రాని ఊరేగింపు. ఇవాళ ముసలీముతకా కూడా చేతులూపుకుంటూ ఉరుకుతున్నారు! అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూడుండ్రి మన గల్లీ ఐక్యత! డప్పులోళ్ళూ, ఇంకా జోర్‌గ కొట్టుండ్రి!" అని మైకులో అరిచాడు.

డప్పుల జోరు పెరిగింది. తొట్టెల జోరు పెరిగింది. కొక్కేల టపటపలూ పెరిగాయి. ప్రహ్లాద్ కర్ర పారేసి పరుగున వచ్చి రామ్‌చందర్ చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా... అన్నా..." అంటూ ఏడుపు మొహంతో వెనక్కి చెయ్యి చూపించాడు.

"ఏడ్వకు తమ్మీ, నాక్కూడ ఏడుపొస్తున్నది," అని రామ్‌చందర్ వాణ్ని గుండెలకు హత్తుకున్నాడు.

గుడి దగ్గర డప్పులు ఆగాయో లేదో రామ్‌చందర్ మైకు అందుకున్నాడు. ఇంతమందిని పిలుచుకొచ్చింది వీడేననుకుని ప్రహ్లాద్‌కు ఒక శాలువా కప్పబోతూ, "ఇంతమందిని ఇండ్లకెల్లి బయటికి తెచ్చింది ఎవరో ఎర్కనా?" అన్నాడు.

"ఎవడు?" అంది గల్లీ ఒక్క గొంతుతో. వాళ్ళకు కావలసిందీ అదే.

ప్రహ్లాద్ మైకు తీసుకున్నాడు. "నేనే. కేబుల్ ఊడగొట్టింది నేనే. తొట్టెలకు కట్టింది నేనే."

సగం కప్పిన శాలువాను రామ్‌చందర్ మెల్లగా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. వాసవాంబ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మొదలైంది లొల్లి. ఎవరు ఎన్ని తిట్టినా ప్రహ్లాద్ నిలబడి విన్నాడు. అనూహ్య మాత్రం తన నైట్ ప్యాంటు కేసి ఒకసారి, వాడి కేసి ఒకసారి చూసింది. ఆ చూపుకే వాడికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అంతలో పక్క బస్తీ కేబులాయన బండి దిగి, వచ్చీ రావడంతోనే వాడి కాలర్ పట్టుకున్నాడు. "వీడేనా? నడువ్ ఠాణాకు!"

గల్లీ తిట్లు ఠక్కున ఆగాయి. ఆగమ్మ రిమోట్ ఊపుకుంటూ ముందుకొచ్చింది.

"కాలర్ ఇడువ్! మా గల్లీ పిలగాణ్ని తిట్టనీకి మేమున్నం. నడుమ నువ్వెవడివి?"

"గది కాదవ్వా, నా వైర్లు..."

"నెత్తికి తగిలేటట్టు ఏలాడేసినవ్ గదా! పైకి కట్టుమని ఎన్నిసార్లు చెప్పినం?" అంది అనూహ్య, అప్పుడు నోరు విప్పి. "మంచిగ కట్టి ఉంటె నా ఇంటర్వ్యూ పోవునా?"

గల్లీ మొత్తం కేబులాయన మీదికి తిరిగింది. ఆయన కాలర్ వదిలేసి, అన్నీ పైకి కడతానని దండం పెట్టాడు. ప్రహ్లాద్‌కు 'మా గల్లీ పిలగాడు' అన్న మాట ఒక్కటే చెవిలో మిగిలింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. సిగ్గు మాత్రం ఎటూ పోలేదు.

మర్నాటి నుంచి ప్రహ్లాద్ కేబులాయన వెంట నిచ్చెన మోస్తూ ఇల్లిల్లూ తిరిగాడు. నెట్ వచ్చేదాకా గల్లీలో ప్రతి ఇంటివాళ్ళూ వాణ్ని నోరారా పేరు పెట్టి పిలిచారు. ఆ పేర్లు మాత్రం అచ్చు వేయడానికి వీల్లేదు.