రెండో షెడ్డు పొడుగెంత?

సోమవారం పొద్దున బోర్డాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా మిల్లు గేటు దగ్గరి బోర్డు రాసెయ్యాలి, చేతికంటిన రంగు కడుక్కోవాలి, ఒంటిగంటకి రెండో షెడ్డు మేస్త్రీతో కలిసి అన్నం తినాలి. ఆ దారం మిల్లులో ఆయన పక్కన కూర్చుని తినే మనిషి ఆ మేస్త్రీ ఒక్కడే. చుట్టరికం ఏమీ లేదు. అయినా పన్నెండేళ్ళుగా ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటున్నారు. ఇంట్లో పలకరించే దిక్కులేనివాడికి అలాంటి పిలుపు ఒకటుంటే వారంలో ఆరు రోజులు గడిచిపోతాయి. ఏడో రోజు సంగతి ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

బోర్డు మీద రాయాల్సింది నాలుగంటే నాలుగు అంకెలు. వారం మొత్తం మీద ఏ షెడ్డులో నూటికి ఎన్ని దారం కండెలు బాగా వచ్చాయో ఆ లెక్క. పన్నెండేళ్ళలో ఆ అంకెల్ని ఆగి చదివినవాడు లేడు. సైకిళ్ళు ఆనించడానికి మాత్రం బోర్డు బాగా పనికొచ్చేది. ఈలోగా కొత్త మేనేజరు ఎక్కడో మూడు రోజుల క్లాసు విని వచ్చాడు.

"అంకెలు ఎవడు చదువుతాడయ్యా? కన్ను ముందు పొడుగు చూస్తుంది, రంగు చూస్తుంది. అంకె దాకా వచ్చేసరికి మనిషి గేటు దాటిపోతాడు. నిలువు పట్టీలు గియ్యి."

ఆరో తరగతిలో బడి మానేసినవాడికి కూడా కళ్ళుంటాయన్న సంగతి ఆ క్లాసులో చెప్పినట్టు లేదు. బోర్డాయన నాలుగు పట్టీలు గీశాడు. తొంభై ఏడు, తొంభై అయిదు, తొంభై ఎనిమిది, తొంభై ఆరు.

"తేడా ఏదయ్యా? నాలుగూ కవలపిల్లల్లా ఉన్నాయి. తేడా కంటికి కొట్టాలి!"

"ఉన్న తేడా అంతే కదండీ."

"అడుగున ఉన్నదంతా దండగ. తీసెయ్. తొంభై నాలుగు నుంచి మొదలుపెట్టు."

మొదలుపెట్టాడు. అంకెకి జానెడు చొప్పున మూడో షెడ్డు నాలుగు జానల ఎత్తున లేచి నిలబడింది. రెండో షెడ్డు జానెడు దగ్గరే చతికిలబడింది. అంకెలు అడుగున చీమల్లా పాకుతున్నాయి. మేనేజరు రెండడుగులు వెనక్కి వేసి, "ఇదీ బోర్డంటే" అన్నాడు.

పన్నెండేళ్ళలో మొదటిసారి జనం బోర్డు ముందు ఆగారు. గేటు కాపలావాడు లెక్కలు కట్టి, రెండో షెడ్డులో నాలుగింట మూడొంతుల సరుకు పారబోస్తున్నారని లారీ డ్రైవరుకి చెప్పాడు. లారీ డ్రైవరు ఆ మాటకి చక్రాలు తొడిగి, షెడ్డు మూసేస్తున్నారని గోడౌనులో దించాడు. పన్నెండు కొట్టేసరికి రెండో షెడ్డు ఆడవాళ్ళిద్దరు వేరే పని వెతుక్కోవడానికి సెలవడిగారు.

ఒంటిగంటకి బావ రాలేదు. ఒకటిన్నరకి వట్టి చేతులతో వచ్చాడు.

"నా కూతురు అన్నం డబ్బా ఇవ్వడానికి గేటు దగ్గరికొచ్చింది. 'నాన్నా, ఆ పొట్టిది మీదేనా?' అని అడిగింది."

"అంకె చూడమనకపోయావా బావా? తొంభై అయిదు! మూడో షెడ్డుకీ నీకూ తేడా నూటికి మూడంటే మూడు కండెలు."

"పన్నెండేళ్ళు నువ్వు రాసిన అంకెలు నేనే చూడలేదు, అది చూస్తుందా? నన్ను మోకాళ్ళ దాకా నరికేశావు."

"మేనేజరు గియ్యమన్నాడు బావా!"

"కుంచె ఆయన చేతిలో ఉందా?"

అన్ని మాటల్లోనూ ఒక్కసారైనా "బావా" అనలేదు. బోర్డాయన అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి మోసుకుపోయాడు.

మంగళవారం సైరన్‌కి ముందే వచ్చాడు. పెద్దాఫీసు మేడమ్‌ని తీసుకురావడానికి మేనేజరు స్టేషనుకి పోయాడు కాబట్టి అడ్డు చెప్పేవాడు లేడు. తడిగుడ్డతో అంతా తుడిచి, సున్నా నుంచి నాలుగు పట్టీలు నిజాయితీగా గీశాడు. అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. కానీ నొచ్చుకున్న మనిషికి ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపించింది. మిగతా మూడింటికీ బూడిదరంగు వేసి, రెండో షెడ్డుకి దాచుకున్న రంగు డబ్బా విప్పి చిక్కటి ఎరుపు పూశాడు. కొత్త చొక్కా తొడుక్కున్నవాడిలా మెరిసింది.

సైరన్ మోగింది. కాపలావాడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎరుపు పెట్టేశారు! షెడ్డు మూత ఖాయం!" రెండో షెడ్డు జనం లోపలికి పోకుండా గేటు దగ్గరే చతికిలబడ్డారు. మూడో షెడ్డు మేస్త్రీ, "నిన్న నాలుగు జానలున్నవాణ్ణి ఇవాళ అందరితో సమానం చేస్తావా?" అని మీదికొచ్చాడు. బావ మాత్రం నెమ్మదిగా అడిగాడు.

"నిన్న నరికావు. ఇవాళ నెత్తురు పూశావా?"

బోర్డాయన తడిగుడ్డ అందుకునేలోగా కారు వచ్చి ఆగింది. కళ్ళజోడు మేడమ్ ఇంకా పూర్తిగా దిగనే లేదు, చూపు మాత్రం తిన్నగా పోయి ఎర్ర పట్టీ మీద వాలింది.

"ఆ ఎర్రది ఎవరిది?"

జనం బావని ముందుకి తోశారు. "నాదేనమ్మా" అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

మేడమ్ మిగతా మూడు షెడ్ల వైపూ చూడకుండా రెండో షెడ్డులోకి నడిచింది. తనకంటే ముందు పుట్టిన యంత్రాలు చూసింది. వాన కారే కప్పు చూసింది. అప్పుడు అంకె అడిగింది.

"వీటి మీద తొంభై అయిదా? మా ఇంకో మిల్లులో కొత్త యంత్రాల మీద ఎనభై దాటడం లేదు!"

సాయంత్రానికి కాగితం వచ్చింది. ఆ ఇంకో మిల్లుకి బావే పెద్ద మేస్త్రీ. ఉండటానికి ఇల్లు కూడా ఇస్తారట. బావ పరిగెత్తుకుంటూ వచ్చి బోర్డాయనని కౌగిలించుకున్నాడు.

"నీ ఎరుపే బావా! నువ్వు చూపించకపోతే ఆవిడ నన్ను చూసేదా?"

"బావా" అన్నాడు. బోర్డాయన ప్రాణం లేచొచ్చింది.

"ఎప్పుడు ప్రయాణం?"

"రేపు పొద్దున బండికే. పిల్లతో సహా."

"ఒంటిగంట దాటాక బండి లేదా?"

"ఉంది కానీ, అది ఎక్కితే చేరేసరికి చీకటి పడుతుంది బావా."

బుధవారం ఒంటిగంటకి బోర్డాయన ఒక్కడే అన్నం డబ్బా విప్పాడు. అడుగుల చప్పుడైంది. తలెత్తితే కొత్తగా వచ్చిన రెండో షెడ్డువాడితో సహా నలుగురు మేస్త్రీలూ వస్తున్నారు. వచ్చే సోమవారం తమ పట్టీకే ఎరుపు వెయ్యాలని ఎవరికి వారు గట్టిగా చెప్పారు.

"అందరికీ ఎరుపు వేస్తే ఎవరూ కనబడరయ్యా" అన్నాడు బోర్డాయన. "రండి, తింటూ మాట్లాడుకుందాం." డబ్బా పక్కకి జరిపి, బల్ల తుడిచి, నలుగురికీ చోటు చేశాడు.

నలుగురూ నిలబడే మాట్లాడారు.