అప్పన్న అండ్ ఫ్యామిలీ పదో పాట

ఒక పెద్ద అడవిలో అందరూ పాడేవాళ్ళే, వినేవాళ్ళకే కరువు. అలాంటి చోట కూడా పిలిచి మరీ పాడించుకునే బృందం ఒకటుండేది. దాని పేరు 'అప్పన్న అండ్ ఫ్యామిలీ'. అప్పన్న గోరింక, పెళ్ళాం పైడమ్మ, ఇద్దరు కొడుకులు, కూతురు నూకాలు. వాళ్ళకి సొంత పాట ఒక్కటీ లేదు. కోకిలదైనా, కప్పలదైనా, నెమలిదైనా అచ్చు దించేసేవారు.

ఆ ఏడు ఏటి ఒడ్డున కచేరీ చేసి, దాన్నే లైవ్ ఆల్బమ్‌గా తెద్దామనుకున్నారు. రికార్డింగ్ ఎలుగుబంటిది. ఎవరో జీపులోంచి జారవిడిచిన టేప్ రికార్డర్ అతనికి దొరికింది. అప్పట్నుంచి అందరూ అతన్ని 'ఇంజినీరు గారూ' అనేవారు.

తొమ్మిది పాటలు బ్రహ్మాండంగా సాగాయి. పదోది ఎత్తుకోబోతుంటే అప్పన్న గొంతులో మిడత కాలు అడ్డుపడింది. దగ్గు ఆగదు. టేపు తిరిగిపోతోంది. ఏం చెయ్యాలో తోచక నూకాలు ముందుకొచ్చి, గూట్లో ఒక్కతే ఉన్నప్పుడు పాడుకునే పాట అందుకుంది. వాన వెలిశాక తొర్రలోంచి కనిపించే ఆకాశం మీద తనే కట్టుకున్న పాట అది.

ముందు వరసలో నేల తవ్వుకుంటున్న అడవిపంది తవ్వడం మానేశాడు. పైడమ్మ రెక్కతో కళ్ళు తుడుచుకుంది. పాట అయిపోగానే ఒకటే ఈలలు.

"హిట్టు ఇదే!" అన్నాడు ఎలుగుబంటి.

ఆల్బమ్ బయటికి రావాలంటే సంగీత మండలి ముద్ర పడాలి. మండలి కార్యదర్శి తొండ. ఔనన్నా, కాదన్నా ఒకేలా తలూపుతాడు.

"తొమ్మిది పాటలకీ సొంతదారుల అంగీకార పత్రాలున్నాయి. పదోదెవరిది?"

"నాదండీ," అంది నూకాలు.

"పాడింది నువ్వే, సరేనమ్మా. అసలెవరిది?"

"నేనే కట్టానండీ."

తొండ రిజిస్టరు తిరగేశాడు. "మీ కుటుంబం 'ఇతరుల పాటలు పాడువారు' అని నమోదైంది. ఆ ఇతరులెవరో తీసుకురండి."

బయటికొచ్చాక అప్పన్న కూతురి మొహం చూడకుండా, "పేరుదేముందే తల్లీ, పాట బయటికొస్తే చాలదూ?" అన్నాడు.

"నాది కదా నాన్నా," అంది నూకాలు. అప్పన్న వినలేదు.

అడవి అంచున, ఊర్నుంచి పారిపోయొచ్చిన గాడిద ఒకడున్నాడు. పాటల జోలికే పోని పెద్దమనిషి, రేపు పేచీ పెట్టడని అప్పన్న ధైర్యం.

"మీ పాట మా అమ్మాయి పాడిందండీ. ఇక్కడ డెక్క ముద్ర వెయ్యండి."

"నేనెప్పుడు కట్టానయ్యా?"

"చిన్నప్పుడండీ. తమలాంటి గొప్పవాళ్ళకి ఇలాంటివి గుర్తుండవు."

గాడిద కాసేపు ఆలోచించాడు. "నిజమే, అప్పట్లో చాలా కట్టాను," అని ముద్ర వేశాడు.

ఆల్బమ్ అడవంతా మోగింది. పదో పాట కోసమే టేపు అరిగిపోయింది. మండలి వాళ్ళు గాడిదకి సన్మానం చేసి 'వనకోకిల' బిరుదిచ్చారు. శాలువా కప్పడానికి కోకిలనే పిలిచారు. ఆ సభలో నూకాలు పాట ఎత్తుకోగానే గాడిద చెవులు నిక్కించాడు.

"ఆపమ్మా! గొంతు బాగానే ఉంది, ఫీలింగే లేదు. ఇదిగో, ఇలా పాడాలి," అని ఓండ్ర పెట్టాడు. కొమ్మ మీది కోతి జారి కింద పడింది.

"ఎంతైనా ఒరిజినల్ ఒరిజినలే!" అన్నాడు అడవిపంది గద్గదంగా. తొండ తలూపాడు. ఇకమీదట గాడిద అనుమతి లేకుండా ఆ పాట ఎవరూ పాడరాదని అక్కడికక్కడే తీర్మానమైపోయింది.

దారిలో అప్పన్న రెక్కలు వేలాడేసుకుని, "తప్పు చేశానే తల్లీ," అన్నాడు.

"పోన్లే నాన్నా, ఇంకోటి కడతాను," అంది నూకాలు.

కట్టింది కూడా. మొదటిదానికంటే బాగుంది. మండలిలో పాడి వినిపిస్తే తొండ మెచ్చుకుని, కలం తీసి అడిగాడు:

"ఇది ఆ గాడిదదేనా, వేరే గాడిదదా?"

కాబట్టి పాట కట్టబోయేవాళ్ళారా, రాగం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మంచి గాడిదను చూసుకోండి.