చలికాలంలో గుడ్డ వసారా సుఖాలు

చలికాలంలో కారవాన్‌కి ఆనింగ్ కట్టనివాడు మగవాడే కాదు! ఈ మాట నేను ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని అనడం లేదు. యార్క్‌షైర్ తీరంలో, కొండ అంచున, జనవరి గాలికి చెవులున్నాయో ఊడిపోయాయో తడిమి చూసుకుంటూ, కళ్ళారా చూసి రాస్తున్నాను.

ఎండాకాలంలో ఎవడైనా కడతాడు. కారు వెనక ఈడ్చుకొచ్చిన చక్రాల ఇల్లు, అదే కారవాన్, దాని పక్కన గుడ్డతో ఒక వసారా లేపి, కింద తివాచీ పరిచి, కుర్చీలో కాళ్ళు చాపుకోవడానికి ఏం ప్రతిభ కావాలి? నేల గడ్డకట్టి మేకు దిగనని మొరాయిస్తుండగా, వేళ్ళు కొంకర్లు పోతుండగా, గాలి గుడ్డనీ గుడ్డతోపాటు మనిషినీ ఈడ్చుకుపోతుండగా కట్టాలి. అదీ కట్టడమంటే!

"ఈ చలిలో అదెందుకండీ?" అని అడిగే అజ్ఞానులుంటారు. పాపం, వాళ్ళకి బూట్ల సంగతి తెలియదు. బురద బూట్లు ఎక్కడ విప్పుతారు? తడికోటు ఎక్కడ తగిలిస్తారు? ఇద్దరు మనుషులు, రెండు జతల బూట్లు. వాటి కాపురానికి కారవానంత గది కట్టక తప్పుతుందా? గొడుగు ఆరబెట్టుకోవడానికి మేడ కట్టుకోవడంలో తప్పేముంది?

ఇక దాన్ని విప్పే ముచ్చట వేరే. చలికాలంలో కట్టిన ఆనింగ్‌ని పొడిగా విప్పిన మొనగాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. తడిసింది తడిసినట్టే మూటకట్టి ఇంటికి మోసుకుపోవాలి. ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. అందుకని సగం స్నానాల తొట్టిలో, సగం మెట్ల కటకటాల మీద పరిచి, దాని కిందనుంచి దూరి దూరి వారం రోజులు తిరగాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కేది ఒకరు, కడిగేది ఇంకొకరు అయినప్పుడు ఆ సామెతకి విలువేముంది చెప్పండి? తొక్కేవాళ్ళు హాయిగా తొక్కుతూనే ఉంటారు.

ఈ సుఖాలన్నిటికీ సాక్ష్యంగా మా పక్క కారవాన్ నెవిల్, డొరీన్ దంపతుల సంగతి చెబుతాను.

డొరీన్ ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో పనిచేసింది. ఆ వంటగదికి ఒక్కటే కిటికీ. అది బయటికి చూసే కిటికీ కాదు, వడ్డించే కిటికీ. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసగా వచ్చేవాళ్ళు, ఈవిడ ఒక గరిటెడు బంగాళదుంప ముద్ద, ఒక గరిటెడు బఠానీలు వేసి పంపేది. మొన్న డిసెంబరులో రిటైరయింది. కేకు కోశాక, ఏం కావాలో కోరుకో అన్నాడట నెవిల్. ఆవిడ నగ అడగలేదు, విమానం టికెట్టు అడగలేదు.

"సముద్రం ఎదురుగా కిటికీ దగ్గర కూర్చుని టీ తాగాలి. వారం రోజులు. ఎవరికీ ఏమీ వడ్డించకుండా," అంది.

నెవిల్ చెడ్డవాడు కాదు. సరేనని, కారవాన్లు నిలిపే ఈ సైటులో కొండ అంచున మొదటి వరసలో చోటు తీసుకున్నాడు. ఇక్కడ కారవాన్లన్నీ ఒకే దిక్కుకి తిప్పి నిలబెట్టాలని నియమం. ఆ లెక్కన తలుపు వైపు, సోఫా పక్కన ఉన్న పెద్ద కిటికీ సముద్రానికి సూటిగా ఎదురు. ముందు కిటికీలోంచి చూస్తే మాత్రం మా కారవాన్ వీపు, మా మురుగునీళ్ళ డబ్బా కనిపిస్తాయి. డొరీన్ వచ్చీరాగానే సముద్రం వైపు అద్దం తుడిచి, కప్పు పట్టుకుని కూర్చుంది. ఎవరి జాతకంలోనైనా ఒక్క మంచి ముహూర్తం ఉంటుందంటారు. ఆవిడది ఒక కప్పు టీ అంతసేపు నడిచింది.

ఎందుకంటే ఆనింగ్ కట్టేది కూడా తలుపు వైపే.

నెవిల్ బయట చేతులు జేబుల్లో పెట్టుకుని, ఆకాశం వైపు చూసి, "కట్టాలా, వద్దా?" అన్నాడు. అంతే! ఎక్కడ పొంచి ఉన్నారో ఏమో, మా ఆయన నార్మన్, ఆ చివర కారవాన్ క్లైవ్ ప్రత్యక్షమయ్యారు. మా ఆయన జనవరిలోనూ నిక్కరే వేస్తాడు. మోకాళ్ళు వంకాయ రంగుకి తిరిగినా సరే, "చలా? ఎక్కడ?" అంటాడు. అలాంటివాణ్ణి సలహా అడిగితే ఏం చెబుతాడు?

క్లైవ్ వేలు తడిపి గాలిలోకి ఎత్తాడు. "పడమటి గాలి," అన్నాడు. ఫోనులోనూ అదే ఉంది. కానీ వేలికున్న పరువు ఫోనుకెక్కడిది?

"పడమటి గాలైతే కారవానే అడ్డు. ఆనింగ్‌కి ఢోకా లేదోయ్," అన్నాడు మా ఆయన.

"నేల గడ్డకట్టింది. మేకులు దిగుతాయంటావా?" అన్నాడు నెవిల్.

"నా పెద్ద సుత్తి తెస్తా. దిగకేం చేస్తాయి!"

"కట్టకపోతే చేతకాలేదనుకుంటారబ్బా," అన్నాడు క్లైవ్.

ఎవరనుకుంటారు? సైటు మొత్తం మీద ఉన్నవి మూడే కారవాన్లు. ఆ మూడింటి మగవాళ్ళూ అక్కడే నిలబడి ఉన్నారు.

ఇంతలో డొరీన్ కిటికీ తెరిచి తల బయటపెట్టింది. "నెవిల్, కట్టకు. కిటికీకి అడ్డమొస్తుంది."

"అబ్బే, కట్టడం లేదు బంగారం! ఊరికే మాట్లాడుకుంటున్నాం."

పదిమంది చేతిలో పాము చావదంటారు. ముగ్గురి చేతిలో ఆనింగ్ మాత్రం లేస్తుంది. చర్చ ఎప్పుడు ముగిసిందో, పని ఎప్పుడు మొదలైందో వాళ్ళకే తెలియదు. గుంజలు బయటపడ్డాయి, గుడ్డ బయటపడింది. "డొరీన్, ఒక్క నిమిషం వచ్చి ఈ గుంజ పట్టుకో!" అని కేక. ఆ ఒక్క నిమిషం మధ్యాహ్నం దాటేదాకా సాగింది. గుంజ పట్టుకుని నిలబడ్డ డొరీన్ ముక్కు ఎర్రబడి కారుతోంది. ముగ్గురు మొనగాళ్ళు మాత్రం మేకు ఏ కోణంలో కొట్టాలన్న దాని మీద వాదించుకుంటున్నారు.

చివరికి లేచింది. నెవిల్ రెండడుగులు వెనక్కి వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని చూసుకున్నాడు.

"చూశావా డొరీన్? ఇదంతా నీ సుఖం కోసమే!"

ఆహా! ఏం మాట! ఆడదాని సుఖం కోసం చలిలో ఇంత కష్టపడిన భర్తని ఎక్కడైనా చూశారా? ఆవిడ కిటికీకి ఎదురుగా ఇప్పుడు బూడిదరంగు గుడ్డ ఉంది. బడి వంటగదిలో ముప్పై ఏళ్ళు చూసిన గోడ కూడా ఆ రంగే, కాకపోతే అది ఊగేది కాదు.

అక్కడితో ఆగితే అది సుఖమెందుకవుతుంది? ఆ వసారాలో కుర్చీలు వేశారు, చిన్న హీటరు పెట్టారు, రంగు దీపాలు వేలాడదీశారు. బూట్లు పెట్టారా? లేదు. తడి గుడ్డలో పెడితే బూట్లు తడుస్తాయని కారవాన్ లోపల పెట్టారు! ముగ్గురూ కోట్లు, టోపీలు, చేతి తొడుగులు వేసుకుని, సముద్రం వైపున్న ప్లాస్టిక్ కిటికీకి ఎదురుగా కూర్చున్నారు. డొరీన్ కోరుకున్న సముద్రానికి ఎదురుగా, డొరీన్‌కి వీపులు పెట్టి. పోనీ వాళ్ళయినా చూశారా? వాళ్ళ ఊపిరికే ఆ ప్లాస్టిక్ మసకబారిపోయింది. ముగ్గురూ తలలు వంచుకుని ఫోన్లలో గాలి వేగం చూసుకున్నారు.

మధ్యలో ఒకరు వెనక్కి తిరక్కుండానే డొరీన్ కిటికీ అద్దం మీద వేలితో టకటకా కొట్టేవాళ్ళు. ఆవిడ తెరిచేది. మూడు టీలు బయటికి పోయేవి. కాసేపటికి మళ్ళీ టకటక. మూడు బేకన్ సాండ్‌విచ్‌లు పోయేవి. ఒకసారి మా ఆయన పళ్ళెం వెనక్కి చాచి, "దీంట్లో సాస్ మరిచిపోయావు డొరీన్," అన్నాడు. నేను మా తలుపు దగ్గర నిలబడి విన్నాను. పెళ్ళినాడు ఆ మనిషికి తలాడించిన నా మెడని ఏమనాలి?

రెండో రోజు నీళ్ళ కుళాయి దగ్గర డొరీన్ కలిసింది.

"గట్టిగా చెప్పొచ్చుగా నువ్వు?" అన్నాను.

"కట్టకముందు చెబితే కట్టట్లేదన్నాడు. కట్టాక చెబితే, ఇప్పుడా చెప్పేది అన్నాడు. మధ్యలో చెబుదామంటే గుంజ పట్టుకుని ఉన్నాను." నీళ్ళ డబ్బా నిండేదాకా ఆగి, మళ్ళీ అంది. "బడి పిల్లలు నయం. కనీసం ‘థాంక్యూ మిస్’ అనేవాళ్ళు."

ఆవిడ నవ్వుతూనే అంది. కానీ నీళ్ళు డబ్బా మీదనుంచి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. వారంలో ఇంకా రోజులు మిగిలాయి కదా అని నేనేదో అన్నాను. నాకే ఏడుపొచ్చింది.

నాలుగోనాడు ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. పెనుగాలి వస్తోంది, జాగ్రత్త! వసారాలో అత్యవసర సభ. అప్పుడు నేను డొరీన్ దగ్గరే ఉన్నాను, పళ్ళ కేకు, జున్నుముక్క తీసుకుని వెళ్ళాను. గుడ్డకవతలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఇప్పుడు విప్పితే తడుస్తుంది," అన్నాడు నెవిల్.

"విప్పకపోతే చిరుగుతుంది," అన్నాడు క్లైవ్.

"ముందు తలా ఒక టీ తాగి ఆలోచిద్దాం," అన్నాడు మా ఆయన. ప్రళయం వచ్చినా ఈ దేశంలో మొదటి తీర్మానం అదే.

టకటక. "డొరీన్! మూడు టీలు!"

డొరీన్ కెటిల్ కింద మంట అప్పుడే వెలిగించింది. ఆ మంట వంక కాసేపు చూసింది. మా ఇద్దరికే సరిపడా నీళ్ళుంచి మిగతావి తొట్టిలో పారబోసింది. కిటికీ ఒక జానెడు తెరిచి, బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లలతో మాట్లాడే గొంతుతో, "వంటగది మూసేశాం," అంది. తెర కిందికి లాగేసింది.

బయటివాళ్ళకి మళ్ళీ టకటక కొట్టే వ్యవధి కూడా లేకపోయింది లెండి. కొండమీదినుంచి వచ్చిన గాలి కారవాన్ నెత్తిమీదుగా దూకి, గుడ్డ కిందికి దూరి, ఒక్క తన్ను తన్నింది. మేకులు టపటపా లేచిపోయాయి. కుర్చీలు దొర్లాయి. ఎవరిదో టోపీ పోయింది.

"డొరీన్! గుంజ! గుంజ పట్టుకో!"

"నేను రిటైరయ్యాను నెవిల్," అంది డొరీన్, లోపలినుంచి. ఆయనకి వినబడి ఉండదు.

"సుత్తి ఎక్కడ? సుత్తి ఇవ్వు!"

మా ఆయన పెద్ద సుత్తి తలుపు పక్కనే బూట్ల దగ్గరుంది. డొరీన్ దాన్ని తీసింది. సోఫా దిండు ఎత్తి, దానికింద పెట్టి, పైన కూర్చుంది. అప్పుడు తెర పైకి లాగింది.

సముద్రం! ఆ చివరినుంచి ఈ చివరిదాకా, నల్లగా, తెల్లగా, నురగలు కక్కుతూ, ఏ గుడ్డా అడ్డం లేకుండా. దానికి ముందు గడ్డిలో మా ముగ్గురు మగవాళ్ళు ఎగిరిపోతున్న ఆనింగ్ అంచులు పట్టుకుని, ఒకరిమీద ఒకరు పడుతూ లేస్తూ, కంచెదాకా పరుగెత్తుతున్నారు. నిక్కరులో మా ఆయన అందరికన్నా ముందున్నాడు.

"ఇంత బాగుంటుందనుకోలేదు," అంది డొరీన్. టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. ఆవిడన్నది సముద్రం గురించో వాళ్ళ గురించో నేను అడగలేదు. కేకు కోశాను.

ఆనింగ్ ముళ్ళ కంచెకి చిక్కుకుని, నిలువునా చిరిగి ఆగింది. "పోనీలెండి, పాతదేగా! ఎవరికైనా ఇచ్చేద్దామనే అనుకుంటున్నా," అన్నాడట నెవిల్. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం! తర్వాత తడిసి ముద్దయి, కిటికీ బయటికి వచ్చి నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అద్దానికి మొహం దగ్గరగా పెట్టి అడిగాడు.

"ఇప్పుడేం చేద్దాం, డొరీన్?"

కాపురానికి వచ్చాక ఆయన ఆవిణ్ణి ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదటిసారి అనుకుంటాను. డొరీన్ కప్పు కింద పెట్టింది.

"కాస్త పక్కకి జరుగు నెవిల్. సముద్రం కనబడటం లేదు."

జరిగాడు.

కాబట్టి పాఠకులారా, చలికాలంలో ఆనింగ్ వరమే అని మళ్ళీ నొక్కి చెబుతున్నాను. పక్కవాళ్ళు కట్టుకుంటే ఇంకా పెద్ద వరం! అది లేచి ఉన్నన్నాళ్ళూ మా ఆయన మా కారవాన్‌లో కాలు పెట్టలేదు. మాకూ ఒక కిటికీ ఉంది. మాదీ సముద్రం వైపే.

ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక టీ పెట్టడానికి లేచినప్పుడు మా ఆయన బల్లమీదున్న మొదటి పేజీ చదివాడు. మొహం వెలిగిపోయింది. ఇప్పుడు బయట మా తలుపు వైపు గోడ పక్కన అడుగులేసి కొలుస్తున్నాడు.

"నువ్వే రాశావుగా, కట్టనివాడు మగవాడే కాదని!" అని అరుస్తున్నాడు. "మనమూ ఒకటి తెచ్చి కట్టేద్దాం. నీకే సుఖం! ఇంతకీ నా పెద్ద సుత్తి ఎక్కడే?"

చివరి పేజీలో రాశాను. చదివితే తెలిసేది.